పదహారేళ్ళ పిల్లాడికి బండి ఇస్తామని మాటిచ్చేశాం. ఇప్పుడేం చెయ్యాలి?

కుట్టుమిషన్ అమ్మ:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేటకి పది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా ఆయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. మాకు ఒక్కడే బాబు.

వాడు టెన్త్‌లో ఉండగా వాళ్ళ నాన్న "550 దాటితే బండి నీదే" అన్నారు. అప్పటికి వాడికి ప్రీఫైనల్లో 480 వచ్చాయి. ఎక్కడ దాటతాడులే అనుకుని అన్నారని నా అనుమానం. వాడు 561 తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళొస్తున్నాడు. సాయంత్రం బస్సు ఒక్కోరోజు రాదు, వచ్చినా ఫుట్‌బోర్డు మీదే ప్రయాణం. ఇంట్లో పాత స్ప్లెండర్ ఉంది. ఆయన మిల్లుకి దాని మీదే వెళ్తారు. వాడికి కొత్తది కొనేదాకా ఆదివారాలు ఆ పాతది ఇస్తున్నారు. మా మరిది "ఇంకా ఎన్నాళ్ళు కొంగు చాటున దాస్తావు వదినా" అని ఎగతాళి.

నిజం చెప్పాలంటే నాకు బండి అంత భయం లేదు. రాత్రి పూట పడుకుంటే వేరేవి గుర్తొస్తాయి. డెంగీ వస్తుందేమో, పొలం గట్టు మీద పాము కరుస్తుందేమో. ఈమధ్య ఫోన్లో జిమ్ములో కుర్రాళ్ళు కుప్పకూలిపోయే వీడియోలు చూసి అదొక టెన్షన్. వీడు దండీలు తీస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటాను. మొన్న మా పక్కూళ్ళో ఇద్దరు పిల్లలు సాగర్ కాలవలో పోయారు. ఆ రోజు నుంచి నాకసలు దేన్ని చూసి భయపడాలో అర్థం కావట్లేదు. అన్నిటికీ భయపడితే వాడు నా మాట వినడం మానేస్తాడు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, ఈ వయసు పిల్లలకి నిజంగా ప్రమాదం ఎక్కడుంది? బండి సంగతి ఏం చెయ్యమంటారు?

రైల్వేపేట బాబాయి:

అమ్మా, మాట ఇస్తే ఇచ్చినట్టే. మేము పద్నాలుగేళ్ళకే మా నాన్న రాజ్‌దూత్ తీసుకుని చిలకలూరిపేట తిరునాళ్ళకి వెళ్ళొచ్చేవాళ్ళం. హెల్మెట్టూ లేదు, లైసెన్సూ లేదు. ఏమీ కాలేదు. మగపిల్లాడు, భయం నేర్పకండి. రాసిపెట్టి ఉన్నది ఎవరూ ఆపలేరు.

నైట్‌డ్యూటీ 108:

బాబాయి గారూ, మీకు ఏమీ కానందుకు సంతోషమండీ. కానీ ఏదైనా అయినవాళ్ళు ఇక్కడికొచ్చి రాయరు కదా. వాళ్ళని మోసుకెళ్ళే ఉద్యోగం నాది.

అక్కా, నేను ఎనిమిదేళ్ళ నుంచి 108లో ఈఎంటీని, అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసేవాడిని. ఏ జిల్లా అన్నది వదిలెయ్యండి. మీ భయాల జాబితా చదివాక డ్యూటీకి వెళ్ళేముందు ఇది రాయాలనిపించింది. డెంగీ ఉంది, పాములున్నాయి. అవి వస్తే ఎక్కించుకుంటాం, ఎక్కువమంది ఇంటికి తిరిగి వస్తారు. కుర్రాళ్ళకి గుండె ఆగిపోవడం జరగదని అనను, కానీ ఈ వయసులో అది అరుదు. నా బండెక్కిన పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్లో తిరిగి రానివాళ్ళని తలుచుకుంటే ముందు టూవీలర్, తర్వాత నీళ్ళు, తర్వాత వాళ్ళంతట వాళ్ళు చేసుకున్నవి. ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 5 నుంచి 29 ఏళ్ళ లోపు వాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా చనిపోయేది రోడ్డు ప్రమాదాల్లోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో హెల్మెట్ లేని టూవీలర్ వాళ్ళే, వెనక కూర్చున్నవాళ్ళతో కలిపి, 50 వేలు.

ఒక్క కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. దసరా ముందు రాత్రి. బైపాస్ మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ. దానికి వెనక రేడియం స్టిక్కర్ కూడా లేదు. ముగ్గురు పిల్లలు ఒకే బండి మీద వచ్చి దాన్ని గుద్దారు. మేము వెళ్ళాక మా పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, టార్చ్ వేశాడు. బండి పక్కకి పడి ఉంది. దాని అద్దానికి హెల్మెట్ వేలాడుతోంది. కొత్తది, మంచి కంపెనీది. హెల్మెట్ ముందు అద్దం మీద అతికించి ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంటుంది చూడండి, అది ఇంకా తియ్యలేదు. ఆ తండ్రి కొనిచ్చాడు. డబ్బు పెట్టాడు. పిల్లాడు పోలీసులు కనిపిస్తే పెట్టుకుందామని అద్దానికి తగిలించాడు. నడిపినవాడికి ఒంటి మీద దెబ్బలు పెద్దగా లేవు. తల ఒక్కటే.

అందుకే హెల్మెట్ కొన్నారా అని నేను ఎవర్నీ అడగను. పట్టీ టక్‌మని పెట్టుకుంటున్నాడా అని అడుగుతాను. పట్టీ పెట్టని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది. సరిగ్గా పెట్టుకున్న హెల్మెట్ ప్రాణం పోయే ప్రమాదాన్ని 42 శాతం, తల దెబ్బల్ని 69 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలన్నీ కలిపి చూసిన వైద్యులు తేల్చారు. వంద శాతం కాదు, చూడండి. అందుకే వేగం, ముగ్గురెక్కడం, రాత్రి పూట వెళ్ళడం కూడా లెక్కలోకి వస్తాయి. మీవాడు నడపకపోయినా సరే. నేను ఎత్తినవాళ్ళలో సగం మంది వెనక కూర్చున్నవాళ్ళే.

కాలవ సంగతి. మా డ్యూటీలో ఎండాకాలం అంతా ఇదే. సాగర్ కాలవ పక్కలకి సిమెంటు లైనింగ్ ఉంటుంది. పైనుంచి చూస్తే నీళ్ళు కదలనట్టే ఉంటాయి. ఏటవాలు సిమెంటుకి పాచి పడితే ఈత వచ్చినవాడు కూడా పైకి రాలేడు. చెయ్యి వేస్తే జారుతుంది, మళ్ళీ వేస్తే మళ్ళీ జారుతుంది. చివరికి అలిసిపోతాడు. మెట్లున్న రేవు దాటి కిందకి కొట్టుకుపోతే ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కా, మీ పక్కూళ్ళో ఇద్దరు అన్నారు. నాకు వివరం తెలియదు కానీ ఇద్దరు పోయారంటే చాలాసార్లు రెండోవాడు మొదటివాడి కోసం దూకినవాడే అయి ఉంటాడు. మీ అబ్బాయికి ఇదొక్కటి చెప్పండి: ఎవడైనా మునుగుతుంటే దూకకు. లుంగీలు రెండు ముడేసి విసురు, గడ అందించు, మూత బిగించిన ఖాళీ క్యాన్ విసురు, గట్టిగా కేకలు వెయ్యి. బయటికి తీశాక తలకిందులుగా పట్టి తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు తీయడం వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో 30 నొక్కులు, 2 ఊదులు, మేము వచ్చేదాకా అదే వరస. నొక్కితే రొమ్ము రెండంగుళాలు దిగాలి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు. మీవాడు ఎంపీసీ కదా, లెక్క వాడికి బాగానే ఉంటుంది.

పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చేసుకునే దాని గురించి కూడా రాయాలి కానీ డ్యూటీ టైమైంది. మూడోది ఎవరైనా టీచర్లు రాస్తే బాగుంటుంది.

కార్బొరేటర్:

నాది మెకానిక్ షాపు అమ్మా. బేరం పోతుందని తెలిసీ చెబుతున్నా, బండి కొనకండి. వాడికి పదహారేళ్ళు. పదహారుకి లైసెన్సు వస్తుందని ఎవరో ఒకరు అంటారు. అది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి. ఆ బండ్లు ఇప్పుడు షోరూముల్లో ఎక్కడున్నాయి? స్ప్లెండర్‌కి పద్దెనిమిది నిండాల్సిందే. అంటే ఆదివారాలు మీ ఆయన ఇస్తున్నది కూడా తప్పే. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు, 199ఏ అని సెక్షన్ పెట్టి. మైనరు నడిపి దొరికితే తండ్రి మీద కేసు. మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు కట్టి మళ్ళీ మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. పొలం అమ్మాల్సి వస్తుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొందాం, దానికి లైసెన్సు అక్కర్లేదు అంటారు. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్లు దాటని దానికి అక్కర్లేదు, నిజమే. కానీ నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి వైరు ఒకటి పీకి వేగం పెంచేసి ఉంటారు. ఎవరు పెంచారని అడిగితే ఎవరూ చెప్పరు. వైరు పీకాక అది మామూలు బండే.

హెల్మెట్ మాత్రం ఇప్పుడే కొనండి, నాన్న వెనక కూర్చున్నా పెట్టుకోవాలి కదా. రోడ్డు పక్కన 250కి అమ్మేవి బిల్డింగ్ పనివాళ్ళ టోపీలతో సమానం. వెనక ఐఎస్ఐ గుర్తు, దాని మీద ఐఎస్ 4151 అని ఉందో లేదో చూడండి. లోపల గట్టి థర్మోకోల్ లాంటిది ఉంటుంది. దెబ్బని తాగేది అదే. ఒకసారి గట్టిగా పడితే పైన గీత కూడా ఉండదు, లోపల అది నలిగిపోతుంది. ఇక ఆ హెల్మెట్ పారెయ్యాలి. గడ్డం కప్పేదే తీసుకోండి. సగం టోపీ వాళ్ళ దవడలు ఎలా అవుతాయో 108 తమ్ముడిని అడగండి.

జువాలజీ మాస్టారు:

108 గారు వదిలిపెట్టిన మూడోది నేను రాస్తాను. జూనియర్ కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను.

అమ్మా, బండి గురించి అందరూ రాశారు. నాకు మీ ఉత్తరంలో వేరే మాట పట్టుకుంది. "550 దాటితే." మీవాడు దాటాడు కాబట్టి ఇప్పుడు మనం బండి గురించి మాట్లాడుకుంటున్నాం. 520 దగ్గర ఆగిపోయి ఉంటే? బండి రాకపోవడం ఒక్కటేనా వాడికి అర్థమయ్యేది? నేను తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో నేనూ సైకిల్ ఆశపెట్టాను, మా అమ్మాయి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు ఇంటర్. ఎంపీసీలో టెన్త్ 561 వాళ్ళు బెంచీకి ముగ్గురు ఉంటారు. మొదటి యూనిట్ టెస్ట్‌లో వాడికి ఎన్ని వచ్చాయో మీకు చెప్పాడా?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ లెక్క. ఎవరూ ఒక్క కారణంతో పోరు, మార్కులొక్కటే కారణం అనడం తప్పు. కానీ రిజల్ట్స్ వచ్చే వారం మాకు కాలేజీలో ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. ఆ వారం పిల్లవాడిని ఒంటరిగా వదలకండి. "ఎన్నొచ్చాయి" కంటే ముందు "తిన్నావా" అడగండి. తప్పితే మేలో సప్లిమెంటరీ ఉంది. అది రాసి అదే ఏడాది పైచదువుకి వెళ్ళిన పిల్లలు నాకు ఎంతమందో తెలుసు. ఒకడు నాకు ఇప్పుడు పళ్ళు చూసే డాక్టరు.

పిల్లవాడు నిద్రపోకపోయినా, ఇష్టమైన వస్తువులు ఊరికే ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట నవ్వుతూ అన్నా సరే, సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళ భయం. పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది, అంతే. అవునంటే పక్కనే ఉండండి, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసినంత మాత్రాన పిచ్చివాడని ముద్ర పడదు.

మనది పత్తి, మిర్చి పండే ప్రాంతం. పురుగుమందు డబ్బాలు వసారాలో, గొడ్ల పాకలో, ఒక్కోచోట మంచం కిందే ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీసెయ్యండి. పొలంలోనో కొట్టంలోనో పెట్టె చేయించి తాళం వెయ్యండి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. కోపం, దుఃఖం ఒక గంట ఉంటాయి. ఆ గంటలో చేతికి అందకపోతే చాలామంది బతికిపోతారు. ఇది నేను కనిపెట్టిన మాట కాదు, దేశదేశాల్లో చూసి తేల్చిన సంగతి.

సిగరెట్, ఖైనీ సంగతి అడగలేదు మీరు. ఈ వయసులో చంపవు గానీ మొదలయ్యేది ఈ వయసులోనే. వేప్ అని ఇంకొకటి, ఎలక్ట్రానిక్ సిగరెట్. 2019 నుంచి నిషేధం. అయినా మా కాలేజీ వెనక గోడ దగ్గర దొరికింది, పెన్‌డ్రైవ్ అనుకుని నా జేబులో పెట్టుకున్నాను.

ఎడమకాలు:

నాకు 23. ఆంటీ, మీవాడి వైపు నుంచి రాస్తాను.

ఇంటర్ సెకండియర్‌లో మా బాబాయి పల్సర్ తీసుకుని వెళ్ళాం. నడిపింది నేను. కాలిలో ఇప్పటికీ రాడ్ ఉంది. వర్షం వచ్చే ముందు నాకే ముందు తెలుస్తుంది. వెనక కూర్చున్నవాడు లేడు. వాడి గురించి రాయను.

హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదంటే, జుట్టు. నవ్వొచ్చు మీకు. ఆ రోజు కాలేజీ డే, జెల్ పెట్టాను. ఇంట్లో నన్ను ఎవరూ బెదిరించలేదని కాదు. రోజూ బెదిరించేవాళ్ళు. అది చెవికెక్కేది కాదు. ఆ రాత్రి రోడ్డు చీకటిగా ఉంది, నాకే భయమేసింది. నాన్నకి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమందామా అని ఫోన్ చేతిలోకి తీసుకున్నా కూడా. చేస్తే బాబాయి బండి తెచ్చిన సంగతి తెలుస్తుంది, చంపేస్తాడు అనుకుని మళ్ళీ జేబులో పెట్టా. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు.

మీవాడికి చెప్పండి. ఎంత రాత్రయినా, ఎక్కడున్నా, ఏ తప్పు చేసి ఉన్నా ఫోన్ చెయ్యి, వస్తాం, ఆ రాత్రి ఒక్క మాట కూడా అడగం అని. అడగాల్సినవి మర్నాడు అడుక్కోండి. కానీ చెప్పాక మాట మీద నిలబడాలి. ఒక్కసారి తిట్టారంటే రెండోసారి చెయ్యడు.

రైల్వేపేట బాబాయి:

బాబూ, నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. రాజ్‌దూత్ మీద మాతో వచ్చినవాడు ఒకడు తర్వాత ఏడాది లారీ కింద పడ్డాడు. ఏమీ కాలేదని రాసేటప్పుడు వాడు గుర్తే రాలేదు నాకు. వయసు మీద పడింది.

కుట్టుమిషన్ అమ్మ:

అందరికీ దండాలు. పది రోజులకి రాస్తున్నాను, పెళ్ళిళ్ళ సీజను, మిషను దిగలేదు.

మీరు రాసినవన్నీ మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. జైలు దగ్గర ఆయన ఏమీ అనలేదు. "ఎడమకాలు" బాబు రాసింది చదువుతుంటే లేచి బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు వాడిని కూర్చోబెట్టి "మాట తప్పాను రా, పద్దెనిమిదికి కొంటాను, కోపం ఉంటే కోప్పడు" అన్నారు. వాడు కోప్పడ్డాడు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి గేర్ల సైకిల్ అడిగాడు, బస్టాండు దాకా వెళ్ళడానికి. సరే అన్నాం.

నేను స్ప్లెండర్ తాళం తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఆదివారం వాడు నవ్వుతూ "అమ్మా, బియ్యంలో పురుగు పట్టకుండా పెట్టావా?" అన్నాడు. జేబులోంచి ఇంకో తాళం తీసి చూపించాడు. టెన్త్ సెలవుల్లోనే డూప్లికేట్ చేయించాడంట! వాడే ఇచ్చేశాడు. ఇంకా ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలి. మా ఆయన ఇప్పుడు ఇంటికి రాగానే ప్లగ్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంటున్నారు. చొక్కాలకి మరకలు. ఉతికేది నేను.

మాస్టారూ, యూనిట్ టెస్ట్ అడిగాను. ఫిజిక్స్‌లో పాతికకి ఆరు. రెండు నెలలుగా చెప్పలేదు. చెప్పాక ఆ రాత్రి ఎనిమిదింటికే నిద్రపోయాడు. మందు డబ్బాలు మూడున్నాయి, మా మరిదివి, మా వసారాలో. పొలం కొట్టంలో పెట్టె చేయించేదాకా నా ఇంట్లో ఉండవని చెప్పాను. కొంగు చాటు అని ఇప్పుడనలేదు.

కార్బొరేటర్ అన్నా, ఒక సందేహం. హెల్మెట్ సైజు షాపుకెళ్ళకుండా తెలుస్తుందా? టేపు నా మెడలోనే ఉంటుంది కాబట్టి కనుబొమల పైనుంచి చుట్టూ కొలిచాను. వాడికి 57 సెంటీమీటర్లు, ఆయనకి 59 వచ్చింది.

కార్బొరేటర్:

బాగా కొలిచావమ్మా. వాడికి 580 అని రాసి ఉన్నది, ఆయనకి 600ది. కానీ వాడిని తీసుకెళ్ళే కొనండి. రంగు వాడినే ఎంచుకోనివ్వండి, లేకపోతే పెట్టుకోడు. పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పమనండి. బుగ్గలు నొక్కుకున్నట్టు ఉండాలి, నుదురు దగ్గర నొప్పి ఉండకూడదు. పట్టీ కింద ఒక్క వేలు దూరాలి. మీ ఆయన్ని ప్లగ్ కాయితంలో చుట్టి పెట్టుకోమనండి. మరకలకి కిరసనాయిలు.

కుట్టుమిషన్ అమ్మ:

కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందన్నా ఈ రోజుల్లో. శనివారం వెళ్తున్నాం, ముగ్గురం. బస్సులోనే.